ముప్పయ్యో రోజున అడిగేవాడు లేడు

కడుపు కోసి కుట్టిన మనిషికి ఇంటికి పంపేరోజున ఒక కాగితం ఇస్తారు. డిశ్చార్జి సమ్మరీ. దాని అడుగున ఒక గడి ఉంటుంది: పంపేనాటికి రోగి పరిస్థితి. అందులో రాసేది మామూలుగా ఒకటే మాట, ‘నిలకడగా ఉంది’. ఆ మాటతో ఫైలు మూతపడుతుంది. బిల్లు వైద్యసేవ ట్రస్టుకు పోతుంది. సొమ్ము ఎప్పటికో ఆసుపత్రికి చేరుతుంది. ఏడాది చివర ఇన్ని లక్షల ఆపరేషన్లు, ఇన్ని వేల కోట్లు అని మంత్రిగారు సభలో చదువుతారు, పక్కవాళ్లు బల్లలు చరుస్తారు. కుట్లతో ఉదయగిరి బస్సెక్కిన మనిషికి పన్నెండో రోజున కుట్లు విచ్చుకుని చీము కారినా, ఇరవయ్యో రోజున పేగు మళ్లీ మడతబడినా, నెల తిరక్కుండానే కన్నుమూసినా, అది ఎవరి పుస్తకంలోనూ ఎక్కదు.

నా ఆరోపణ ఒక్కటే. ఈ రాష్ట్రం ఆపరేషన్లకు డబ్బు కడుతోంది, ఆ ఆపరేషన్లు ఏమయ్యాయో కనుక్కోవడం లేదు. లెక్కకెక్కని చావులన్నీ విజయాల ఖాతాలో జమ అవుతున్నాయి.

పేర్ల విషయంలో మాత్రం మన ప్రభుత్వాల శ్రద్ధ చూడముచ్చటగా ఉంటుంది. 2007 ఏప్రిల్ 1న మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాల్లో ఈ ఉచిత వైద్య పథకం రాజీవ్ ఆరోగ్యశ్రీగా మొదలైంది. 2014 తర్వాత ఎన్టీఆర్ వైద్యసేవ అయింది. 2019 తర్వాత వైఎస్సార్ ఆరోగ్యశ్రీ. 2024 తర్వాత మళ్లీ ఎన్టీఆర్ వైద్యసేవ. పరిమితి రెండు లక్షల దగ్గర మొదలై 2023 డిసెంబరు నాటికి 25 లక్షలకు ఎగబాకింది. కార్డు మీద బొమ్మ మారింది, అంబులెన్సు మీద రంగు మారింది, ఆసుపత్రి గోడ మీద బోర్డు మారింది. పద్దెనిమిదేళ్లు దాటినా మారనిది ఒకటే. ఫలానా ఆసుపత్రిలో పేగు చిల్లుపడి చేరినవాళ్లు ఎందరు, నెల తర్వాత బతికున్నవాళ్లు ఎందరు అనే పట్టిక గోడ మీదా లేదు, వెబ్‌సైటులోనూ లేదు.

ఇక నెల్లూరు జిల్లా ఉదయగిరి సంగతికి వద్దాం. కొండ మీద గజపతుల దుర్గాన్ని శ్రీకృష్ణదేవరాయలు నెలల తరబడి ముట్టడించి 1514లో పట్టాడని మన పిల్లలు పాఠాల్లో చదువుకుంటారు. చెక్క గరిటెలకు, చెంచాలకు భౌగోళిక గుర్తింపు వచ్చిన ఊరు. 1978లోనూ 1983లోనూ వెంకయ్యనాయుడు గారిని అసెంబ్లీకి పంపిన నియోజకవర్గం. ఆయన తర్వాత దేశానికి ఉపరాష్ట్రపతి అయ్యారు. పక్కనున్న ఆత్మకూరు ఉమ్మడి రాష్ట్రానికి ఆర్థికమంత్రినే ఇచ్చింది. పలుకుబడికి కరువైన ప్రాంతం కాదిది. కరువంతా వానకు, నీళ్లకు, రాత్రిపూట సర్జన్‌కు.

ఉదయగిరి నుంచి నెల్లూరు పెద్దాసుపత్రికి సుమారు వంద కిలోమీటర్లు. సీతారామపురం అవతల, వెలిగొండల కింద ఉన్న పల్లెల నుంచి ఇంకా ఎక్కువ. ఆత్మకూరు నుంచి కూడా యాభై దాటుతుంది. ఈ అంకెలు దారి చెప్పడానికి రాయలేదు. 2015లో ‘లాన్సెట్ గ్లోబల్ హెల్త్’ పత్రికలో ఒక అధ్యయనం అచ్చయింది. మిలియన్ డెత్ స్టడీ పేరుతో దేశమంతటా చావు జరిగిన ఇళ్లకు వెళ్లి, ఇంటివాళ్లను అడిగి, ఆ మనిషి ఎలా పోయాడో రాసుకున్న పెద్ద సర్వే నుంచి దాన్ని తయారుచేశారు. 2010 ఒక్క ఏడాదిలో మన దేశంలో ఉన్నట్టుండి వచ్చిన కడుపు జబ్బులతో సుమారు 72,000 మంది చనిపోయారని అది అంచనా కట్టింది. వాళ్లలో నూటికి 87 మంది పల్లెలవాళ్లు. నూటికి 71 మంది ఇంట్లోనే పోయారు. నూటికి 79 చావులకు కారణం కడుపులో పుండు. అన్ని వసతులున్న ఆసుపత్రి అందరికీ యాభై కిలోమీటర్ల లోపల ఉంటే, ఆ ఏడు దాదాపు 50,000 మంది బతికేవారు. అలాంటి ఆసుపత్రి వంద కిలోమీటర్లకు మించి దూరమైతే, ఆ ఊరు ఇలాంటి చావులు గుంపుగా జరిగే ప్రాంతంలో పడే అవకాశం పదహారు రెట్లు.

యాభై, వంద. ఆ పరిశోధకులు ఆత్మకూరు బస్టాండునూ ఉదయగిరి బస్టాండునూ చూసి గీసిన గీతలు కావవి. అయినా మన రెండు ఊళ్లూ సరిగ్గా ఆ గీతల మీదే కూర్చున్నాయి.

అన్ని వసతులంటే వాళ్ల లెక్కలో ఏసీ గదులు, పాలరాతి మెట్లు కావు. ఇరవై నాలుగు గంటలూ సర్జన్, మత్తు డాక్టరు, ఐసీయూ పడక, రక్తం, రక్త పరీక్ష, ఎక్స్‌రే. ముప్పై పడకల సామాజిక ఆరోగ్య కేంద్రంలో (సీహెచ్‌సీ) సర్జనూ మత్తు డాక్టరూ ఉండాలని కేంద్రం తానే ప్రమాణం రాసుకుంది. అదే కేంద్రం 2021-22లో వేసిన గ్రామీణ ఆరోగ్య గణాంకాల పుస్తకంలో, దేశంలోని సీహెచ్‌సీలకు కావలసిన సర్జన్లలో నూటికి 83 మంది లేరని ఒప్పుకుంది. ప్రమాణమూ అచ్చయింది, లోటూ అచ్చయింది. రెండు పుస్తకాలూ ఒకే బీరువాలో ఉంటాయి కాబోలు.

ఇక్కడి కడుపులు ఎలా పాడవుతాయో పైవాళ్లకు తెలియదు కాబట్టి చెప్పాలి. మెట్ట మండలాల్లో బోరు నీళ్లలో ఫ్లోరైడు. నలభై ఏళ్లు రాకముందే మోకాళ్లు పట్టేస్తాయి, నడుము వంగనంటుంది. పొగాకు కొట్టాలన్నా, బారన్‌కు ఎక్కించాలన్నా, ఉపాధి పనిలో గడ్డపార పట్టాలన్నా ఒళ్లు వంగాలి. పొద్దున్నే ఒక నొప్పి మాత్ర, రాత్రికి ఒకటి. మెడికల్ షాపులో చీటీ అడగరు. ఆర్‌ఎంపీ దగ్గర అదే మందు సూదిలో వస్తుంది. నెలల తరబడి, ఏళ్ల తరబడి పరగడుపున మింగిన నొప్పి మాత్రలు కడుపు లోపలి పొరను తినేస్తాయని ఏ వైద్య పుస్తకమైనా చెబుతుంది. దానికి తోడు బీడీ, సారా. ఒకనాటి తెల్లవారుజామున కత్తితో పొడిచినట్టు నొప్పి. పుండు చిల్లుపడింది. కడుపులోని పులుపంతా పేగుల మీదికి చిమ్మింది.

అక్కడి నుంచి గడియారం మొదలవుతుంది. దుత్తలూరు మండలంలో ఒక కూలీ అనుకోండి. మొదట గ్యాస్ అనుకుంటారు. సోడా తాగిస్తారు, ఇంగువ రాస్తారు. తెల్లారాక ఆర్‌ఎంపీ వచ్చి నొప్పికి సూది వేస్తాడు; ఏ మందు వల్ల చిల్లుపడిందో ఆ మందే మరో మోతాదు. రెండు గంటలు ఉపశమనం, అది కాస్తా దగా. మధ్యాహ్నానికి పొట్ట చెక్కలా బిగుస్తుంది. 108కి ఫోను. ఉదయగిరి. అక్కడ సెలైను పెట్టి చీటీ రాసి ఆత్మకూరు పొమ్మంటారు. ఆత్మకూరులో ఎక్స్‌రే తీసి నెల్లూరు పొమ్మంటారు. నెల్లూరులో కూతురి మొగుడికి తెలిసిన మనిషి ఒకాయన ఫలానా ప్రైవేటు ఆసుపత్రికి తీసుకురమ్మంటాడు. అక్కడ కార్డు చూస్తారు, పడక లేదంటారు, లేక అడ్వాన్సు అడుగుతారు. చివరికి ఏదో ఒక చోట టేబుల్ ఎక్కేసరికి మర్నాడు. నాడి అందదు, మూత్రం రాదు, పొట్టంతా చీము.

ఇలాంటి చిల్లుపడ్డ పుండ్లకు ఫలితం ఎలా ఉంటుందో ముందే చెప్పగల మూడే మూడు విషయాలను హాంకాంగ్ సర్జన్ బోయీ, ఆయన తోటివాళ్లు 1987లో తేల్చారు: వచ్చేటప్పటికే షాకులో ఉన్నాడా, ముందునుంచే మరో పెద్ద జబ్బు ఉందా, చిల్లుపడి ఇరవై నాలుగు గంటలు దాటిందా. మూడింటికీ అవునంటే బతకడం దాదాపు కల్ల. ఇప్పుడు మన దుత్తలూరు కూలీని చూడండి. మూడో ప్రశ్నకు ‘అవును’ అని రాసింది పుండా, రోడ్డా?

ఇక్కడే నా కోపమంతా. ఈ మనిషి పోతే ఆ చావు ఎవరి ఖాతాలో రాయాలి? ఉదయగిరి వాళ్లు ‘మేం రెఫర్ చేశాం, మా దగ్గర చావలేదు’ అంటారు. నిజమే. ఆత్మకూరు వాళ్లదీ అదే మాట, అదీ నిజమే. సంగం దాటాక అంబులెన్సులో ప్రాణం పోతే ‘చనిపోయి వచ్చాడు’ అని రాస్తారు. అది ఏ ఆసుపత్రి చావూ కాదు. చేర్చుకున్న ఆసుపత్రిలో నాలుగో రోజుకు పరిస్థితి చెయ్యి దాటిందనుకోండి, అర్ధరాత్రి ఇంటివాళ్లను పిలుస్తారు. ‘ఇంక లాభం లేదు, ఇంటికి తీసుకుపొండి, దార్లో పోతే మళ్లీ శవానికి బండి దొరకదు.’ ఒక ఫారం ముందు పెడతారు. డాక్టర్ల సలహాకు వ్యతిరేకంగా మా ఇష్టప్రకారమే తీసుకుపోతున్నామని అందులో ఉంటుంది. వేలిముద్ర. ఆ వేలిముద్రతో ఒక చావు ఆసుపత్రి లెక్కలోంచి ఊరి లెక్కలోకి బదిలీ అవుతుంది. మర్యాదగా దీన్ని లామా అంటారు. పడమటి మండలాల్లో ఏ ఇంట్లో అడిగినా ఇలాంటి వేలిముద్ర కథ ఒకటి దొరుకుతుంది. ఇంటివాళ్లు వాళ్లంతట వాళ్లే తీసుకుపోయిన సందర్భాలూ ఉంటాయి, కాదనను. వాటిని విడిగా లెక్కపెట్టండి, ఎవరు పంపారో ఎవరు పోయారో తేలిపోతుంది. లెక్కపెట్టరు.

డిశ్చార్జి దాకా వచ్చినవాడి సంగతి ఇంకో రకం. ప్యాకేజీలో డిశ్చార్జి తర్వాత పది రోజులకు మందులు కలిపే ఉంటాయి. పదకొండో రోజు నుంచి ఆ మనిషి ప్రభుత్వానికి పరాయివాడు. ప్రపంచంలో చాలాచోట్ల శస్త్రచికిత్స చావును లెక్కించే పద్ధతి మాత్రం ముప్పై రోజులది. ఆపరేషన్ జరిగిన ముప్పై రోజుల లోపల ఎక్కడ పోయినా, ఇంట్లో పోయినా, బస్సులో పోయినా, అది ఆపరేషన్ తర్వాతి చావే. 2015లో లాన్సెట్ ప్రపంచ శస్త్రచికిత్స కమిషన్ దేశాలన్నిటికీ చెప్పిన కొలమానాల్లో, ఆపరేషన్ తర్వాత ఆసుపత్రి వదిలేలోపు జరిగే చావుల లెక్క ఒకటి. మరొకటి, కడుపు తెరిచి చేసే అత్యవసర ఆపరేషన్ చేయగల చోటికి జనం రెండు గంటల్లో చేరగలగాలి. రెండు గంటలట! మన దగ్గర 108 వచ్చి, రెండు చోట్ల చీటీ రాయించుకుని, కదిలేసరికే అంతకు మించుతుంది.

సమాచారం లేదు, ఎక్కడి నుంచి తెమ్మంటారు అని సచివాలయంలో ఎవరో ఒకరు అంటారు. అబద్ధం. ఆరోగ్యశ్రీ మొదటిరోజు నుంచీ కంప్యూటర్ల మీద నడిచిన పథకం. ప్రతి కేసుకూ ముందస్తు అనుమతి, ఫొటో, స్కానింగు, ఆపరేషన్ నోట్సు, డిశ్చార్జి సమ్మరీ అన్నీ అప్‌లోడ్ అవుతాయి. 2008 మధ్య నుంచి 2012 మధ్య వరకు ఈ పథకం కింద జరిగిన ఆపరేషన్ చేరికల మీద పరిశోధకులు ఒక వ్యాసం రాసి 2015లో ‘సర్జరీ’ పత్రికలో వేశారు. 6,77,000 పైచిలుకు చేరికలు. ఐదింట నాలుగు ప్రైవేటు ఆసుపత్రుల్లో. వాటిలో జీర్ణవ్యవస్థ జబ్బులకు చేసినవీ ఉన్నాయి. క్లెయిము కాగితాల నుంచి బయటివాళ్లు ఇంత తవ్వి తీయగలిగితే, ఆ కాగితాల యజమాని తీయలేడా? తీయలేక కాదు. తీస్తే ఏం బయటపడుతుందోనని.

మా పక్క డీసీపల్లిలో, కలిగిరిలో పొగాకు వేలం కేంద్రాలున్నాయి. సీజన్లో అక్కడికి వెళ్లి చూడండి. ప్రతి బేలుకూ నంబరు, తూకం, గ్రేడు, ధర, కొన్న కంపెనీ, కొనకుండా వెనక్కి పోయిందా అన్నదీ. సాయంత్రానికి సగటు ధర ఎంతో పొగాకు బోర్డు చెప్పేస్తుంది. పండించినవాడి కడుపు కోసినప్పుడు మాత్రం అతనికి గ్రేడూ లేదు, తూకమూ లేదు, వెనక్కి వచ్చాడో లేదో రాసుకునేవాడూ లేడు.

డాక్టర్లు దీనికి చెప్పే జవాబు నాకు తెలుసు, అందులో పస కూడా ఉంది. ‘చచ్చేవాణ్ని తెచ్చి మా టేబుల్ మీద పడేస్తారు. పోతే మా పేరు పేపర్లో వేస్తారు. రేపట్నుంచి అలాంటి కేసు ముట్టుకుంటామా?’ ముట్టుకోరు. న్యూయార్క్ రాష్ట్రంలో గుండె బైపాస్ ఆపరేషన్ల మరణాలను సర్జన్ల పేర్లతో సహా బయటపెట్టినప్పుడు, ప్రమాదం ఎక్కువున్న రోగులను కొందరు వదిలించుకుంటున్నారన్న గొడవ అక్కడా లేచింది. అందుకే వట్టి చావుల సంఖ్య కాదు నేనడిగేది. వచ్చేటప్పటికి ఆ మనిషి ఏ స్థితిలో ఉన్నాడో తూచి, ఆ తూకానికి తగ్గట్టు ఫలితాన్ని చూడాలి. దానికి సాధనం 1991 నుంచి ఉంది. కోప్‌లాండ్ బృందం తయారుచేసిన పోసమ్ స్కోరులో రోగి ఒంటి స్థితికి పన్నెండు అంశాలు, ఆపరేషన్ తీరుకు ఆరు. 1998లో పోర్ట్స్‌మౌత్ వాళ్లు లెక్క సరిదిద్ది పీ-పోసమ్ చేశారు. వయసు, బీపీ, నాడి, యూరియా, సోడియం, హిమోగ్లోబిన్, పొట్టలో చీము ఎంత, ఆపరేషన్ ఎంత తొందరది. ఫోనులో రెండు నిమిషాల పని. స్కోరు ప్రకారం నూరు మందిలో ఇరవై మంది పోవాల్సిన చోట పదిహేను మందే పోతే, ఆ సర్జన్ చేతులకు మొక్కాలి. ముప్పై మంది పోతే, ఎందుకని కూర్చుని మాట్లాడుకోవాలి. ఇంతే.

నిజానికి ఈ లెక్క లేకపోవడం వల్ల ఎక్కువ నష్టపోతున్నది మంచి సర్జనే. తెల్లవారుజామున మూడింటికి లేచొచ్చి, ఎవరూ ముట్టని మురికి పొట్ట తెరిచి, లీటర్ల కొద్దీ సెలైనుతో కడిగి, పది మందిలో ఏడుగురిని బతికించిన పెద్దాసుపత్రి అసిస్టెంట్ ప్రొఫెసర్ పక్కన, ప్లాన్ ప్రకారం పిత్తాశయం రాళ్లు తీసి నూటికి నూరు మందిని నవ్వుతూ పంపిన కార్పొరేట్ డాక్టర్ హోర్డింగులో మెరిసిపోతుంటాడు. తూకం వేసిననాడు ఎవరు ఏమిటో తెలుస్తుంది. తూకం లేనిచోట పుకారు ఉంటుంది, పుకారు వెంట కర్రలు వస్తాయి. ఆసుపత్రుల మీద దాడులకు 2008లో ప్రత్యేక చట్టం చేసుకున్న రాష్ట్రం మనది. చట్టం చేశాం, నమ్మకం కలిగించే పని ఒక్కటీ చేయలేదు.

బోస్టన్‌లో ఎర్నెస్ట్ కాడ్‌మన్ అనే సర్జన్ వందేళ్ల కిందటే ఈ గొడవ పెట్టుకున్నాడు. ప్రతి రోగికీ ఒక కార్డు, ఏడాది తర్వాత ఆ రోగి ఎలా ఉన్నాడో అందులో రాయాలి, బాగాలేకపోతే ఎందుకో తేల్చాలి. మసాచుసెట్స్ జనరల్ ఆసుపత్రి పెద్దలు ఒప్పుకోలేదు. 1914లో బయటికొచ్చాడు. సొంత ఆసుపత్రిలో 1911 నుంచి 1916 దాకా చూసిన 337 మందిలో తనవీ తనవాళ్లవీ 123 తప్పులని తానే అచ్చువేసి ఊరంతా పంచాడు. తోటి డాక్టర్లు వెలివేసినంత పని చేశారు. 1940లో పోయాడు, సమాధి మీద పేరు రాయి 2014లో పెట్టారు. సిగ్గుపడటానికి వాళ్లకు డెబ్భై నాలుగేళ్లు పట్టింది.

ఇంగ్లండ్, వేల్స్‌లలో 2013 డిసెంబరు నుంచి కడుపు తెరిచి చేసే అత్యవసర ఆపరేషన్లన్నీ ఒక జాతీయ ఆడిట్ కింద లెక్కిస్తున్నారు. ఆపరేషన్‌కు ముందు ప్రమాదం అంచనా కట్టారా, సీటీ ఎప్పుడు తీశారు, టేబుల్ మీదికి ఎంతసేపట్లో తెచ్చారు, పెద్ద డాక్టరు పక్కనున్నాడా, ఐసీయూకి పంపారా. ఆసుపత్రి పేరుతో సహా బయటపెడతారు. మొదట్లో 11.8 శాతం ఉన్న ముప్పై రోజుల మరణాలు తొమ్మిది శాతం చిల్లరకు దిగాయి. కొత్త మందు కనిపెట్టి కాదు, తలా ఒక అంకె ముఖాన పెట్టి.

దొరల దేశం సంగతులు మనకెందుకంటారా? మన ఇంట్లోదే చెబుతా. కాన్పులో తల్లి చనిపోతే ఆ చావుకు సమీక్ష ఉంది. 2010 నుంచి కేంద్రం మార్గదర్శకాలున్నాయి. ఏ ఊరు, ఎన్నింటికి నొప్పులు, బండి ఎప్పుడొచ్చింది, ఎక్కడ ఆలస్యమైంది, అన్నీ అడుగుతారు. కలెక్టరు ముందుకు వస్తుంది. 2004-06లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో లక్ష సజీవ జననాలకు 154 మంది తల్లులు పోయేవారు. 2018-20కి మన రాష్ట్రంలో అది 45. ఆ తగ్గుదలంతా సమీక్షల పుణ్యమే అనను. 108 ఉంది, ఆసుపత్రి కాన్పులున్నాయి, ఆశా కార్యకర్తల చెమట ఉంది. కానీ ప్రతి చావుకూ ఎవరో ఒకరు సమాధానం చెప్పాలన్న భయం లేకుండా ఆ అంకె దిగేది కాదు. అదే ఇంట్లో, అదే తల్లి, ఆరేళ్ల తర్వాత పేగు మడతబడి పోతే అడిగేవాడు లేడు. గర్భసంచి ప్రభుత్వానిది, పేగు ఆమె సొంతమా?

గర్భసంచి అన్నాను కాబట్టి అదీ ముగిస్తా. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15-49 ఏళ్ల ఆడవాళ్లలో గర్భసంచి తీయించుకున్నవాళ్లు దేశంలో 3.2 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 8.9 శాతం, దేశంలో అందరికంటే ఎక్కువ. కోయకూడని చోట కోశాం, కోయాల్సిన చోటికి చేరలేకపోయాం. 24 గంటల నొప్పి అని అపెండిక్స్ తీసేసిన ప్రతి కేసులోనూ ఆ ముక్కను ల్యాబుకు పంపారా? పంపితే ఎన్నింట్లో జబ్బు ఉంది, ఎన్నింట్లో శుభ్రంగా ఉంది? ఆసుపత్రివారీగా ఈ ఒక్క అంకె అడిగితే చాలు, కొన్ని థియేటర్లలో లైట్లు ఆరిపోతాయి.

చావొక్కటే ఫలితం కాదు. 2004లో డిండో, క్లావియన్ వాళ్లు ఆపరేషన్ తర్వాతి ఇబ్బందులను గ్రేడులుగా విడదీశారు: మామూలు మందుతో పోయేది ఒకటి, రక్తమో యాంటీబయాటిక్కో కావలసింది రెండు, మళ్లీ థియేటరుకు తీసుకుపోవాల్సింది మూడు, ఐసీయూ నాలుగు, చావు ఐదు. మన దగ్గర ఐదు తప్ప మిగతావి జబ్బులే కావు, ఆ ఐదునూ దాచేస్తాం. 66 దేశాల్లో పన్నెండు వేల పైచిలుకు కడుపు ఆపరేషన్లను పరిశీలించి 2018లో వెలువరించిన గ్లోబల్‌సర్జ్ అధ్యయనంలో కోత దగ్గర చీము పట్టడం సంపన్న దేశాల్లో 9.4 శాతం, అట్టడుగు దేశాల్లో 23.2 శాతం. కుట్లలో చీము పట్టినవాడు మా వైపు మళ్లీ నెల్లూరు పోడు. ఆర్‌ఎంపీ దగ్గర రోజూ డ్రెస్సింగ్ చేయించుకుంటాడు, అప్పు చేసి యాంటీబయాటిక్ కొంటాడు. ట్రస్టు కంప్యూటర్లో అతను ‘నిలకడగా’నే ఉంటాడు.

పొట్ట మీద బ్యాగుతో ఇంటికొచ్చినవాళ్ల సంగతి ఎవరైనా అడిగారా? పేగు కుళ్లిన చోట కోసి, కొసను పొట్ట మీదికి తెచ్చి, మలానికి సంచి తగిలిస్తారు. మూణ్నెల్లకు రమ్మంటారు, లోపల కలిపేస్తామంటారు. ప్రాణం నిలిపే ఆపరేషనే, తప్పుపట్టను. కానీ ఆ బ్యాగులు ఉదయగిరి మెడికల్ షాపుల్లో అడిగిన వెంటనే దొరుకుతాయా? దొరక్కపోతే పాలిథిన్ కవరు, గుడ్డ పీలిక, ఊడిపోకుండా నడుముకు తాడు. చుట్టూ తోలు పుండైపోతుంది. నలుగురిలో కూర్చోడు, కూలికి పోడు, పెళ్లికి పోడు. తిరిగి కలపడానికి రమ్మన్న తేదీకి ఎందరు వెళ్లారు, వెళ్లనివాళ్లు ఎందుకు వెళ్లలేదు? వెళ్లనివాళ్లకు ఒక ఫోన్ కాల్ వెళ్లిందా? గంపెత్తగలుగుతున్నాడా, మగ్గం మీద కూర్చోగలుగుతున్నాడా, కుట్టు దగ్గర హెర్నియా ఉబ్బిందా, తిన్నది అరుగుతోందా, ఆపరేషన్‌కు ముందు చేసే పని ఇప్పుడు చేస్తున్నాడా? ఇవి కదా ఫలితాలంటే. ఏ సర్జరీ పాఠ్యపుస్తకంలోనైనా ఇవే ఉంటాయి. మన రాష్ట్రంలో మాత్రం ఫలితమంటే సెటిలైన క్లెయిము.

నెల్లూరు జిల్లాకు వైద్యంలో వేరే జ్ఞాపకం ఒకటుంది. కమ్యూనిస్టు నాయకుడు సుందరయ్య గారి తమ్ముడు డాక్టర్ రామచంద్రారెడ్డి ప్రజా వైద్యశాల నడిపిన ఊరు నెల్లూరు. పేదవాడికి వైద్యం దయగా కాక హక్కుగా అందాలని పంతం పట్టిన మనిషి ఆయన. ఆ ఊళ్లోనే ఇవాళ రెండు మెడికల్ కాలేజీలున్నాయి, ఒకటి సర్కారుది, ఒకటి ప్రైవేటుది. ఏటా పీజీ విద్యార్థులు థీసిస్ రాయాలి. చిల్లుపడ్డ పుండ్ల మీద స్కోర్లు వేసి రాసే థీసిస్‌లు దేశంలో ఏ సర్జరీ విభాగానికీ కొత్త కావు. ఆ స్కోరు డిగ్రీ కోసం వేయగలిగినప్పుడు జనం కోసం ఎందుకు వేయరు? థీసిస్ అల్మారాలో పెట్టి తాళం వేస్తారు. సీతారామపురం నుంచి మరో బండి బయల్దేరుతుంది.

ఇప్పుడింకో మలుపు. 2025 సెప్టెంబరులో రాష్ట్ర మంత్రివర్గం రెండున్నర లక్షల దాకా బీమా కంపెనీల చేత, ఆపైన 25 లక్షల దాకా ట్రస్టు చేత కట్టించే పద్ధతికి ఒప్పుకుంది. బీమా కంపెనీ రూపాయిని లెక్కపెడుతుంది, అందులో దానికి సాటి లేరు. ముప్పయ్యో రోజును లెక్కపెట్టమని ఒప్పందంలో రాయకపోతే అది మాత్రం ఎందుకు లెక్కపెడుతుంది? బకాయిల కోసం ఆసుపత్రులు సేవలు ఆపేస్తే చర్చలు జరుగుతాయి, హామీలు వస్తాయి. ఆ చర్చల బల్ల మీద ఇన్నేళ్లలో ఒక్కసారైనా, ‘మీ డబ్బు ఇస్తాం, మా మనుషులు ఏమయ్యారో చెప్పండి’ అని ప్రభుత్వం అడిగి ఉంటే, ఇవాళ నాకు ఈ వ్యాసం రాసే పని ఉండేది కాదు.

అడగాల్సినవాళ్లు అడగరని తేలిపోయింది. కాబట్టి ఉదయగిరి, ఆత్మకూరు నియోజకవర్గాల్లో ఈ కాగితం చదువుతున్న మీరే అడగండి. సమాచార హక్కు చట్టం కింద వైద్యసేవ ట్రస్టు సమాచార అధికారికి ఒక అర్జీ రాయండి. మీ మండలం పేరు వేసి, గత మూడేళ్లలో అక్కడి కార్డుదారులకు కడుపు తెరిచి చేసిన అత్యవసర ఆపరేషన్లు ఎన్ని, ఏ ఏ ఆసుపత్రుల్లో, నొప్పి మొదలైన ఎన్ని గంటలకు టేబుల్ ఎక్కారు, ముప్పై రోజుల లోపల ఎందరు చనిపోయారు, ఎందరిని సలహాకు వ్యతిరేకంగా తీసుకుపోయినట్టు రాశారు, ఎందరికి మళ్లీ ఆపరేషన్ చేశారు, బ్యాగు పెట్టినవాళ్లలో ఎందరికి తిరిగి కలిపారు అని అడగండి. రోగుల పేర్లు అడగొద్దు, ఆ సాకుతో తిప్పి పంపుతారు. మా దగ్గర ఆ వివరాలు లేవని జవాబిస్తే, ఆ జవాబు కాగితాన్ని మీ ఎమ్మెల్యే ఇంటికి తీసుకెళ్లి ఆయన చేతిలో పెట్టండి, మీ ఊరి పత్రికా విలేకరికి ఒక నకలు ఇవ్వండి. అర్జీ ఫీజు 10 రూపాయలు. తెల్లకార్డు ఉన్నవాళ్లకు అదీ లేదు.